సురికాటా నడుస్తున్నా అలర్ట్‌లు రాకపోతే
భీమవరంలో మీ మేతల కొట్టులోని ఉబుంటు సిస్టమ్‌లో సురికాటా (నెట్‌వర్క్‌లో అనుమానాస్పద ట్రాఫిక్‌ను పట్టే ప్రోగ్రామ్) వేశారు, సర్వీసు నడుస్తోంది, అలర్ట్‌లు రాసే ఫాస్ట్ లాగ్ ఫైల్ మాత్రం ఖాళీ అన్నారు కదండీ. టెన్షన్ పడకండి, తీసేసి మళ్లీ వేయక్కర్లేదు.

ముందు ఇంటర్‌ఫేస్, అంటే సురికాటా ఏ నెట్‌వర్క్ కార్డును గమనిస్తోందో చూడండి. సురికాటా సెట్టింగులుండే యామల్ ఫైల్‌లో ఏఎఫ్-ప్యాకెట్ అనే భాగం కింద మామూలుగా ఈటీహెచ్0 అని ఉంటుంది. ఇప్పటి సిస్టమ్‌లలో ఆ పేరు దాదాపు ఉండదు. 'ఐపీ ఏ' కొడితే ఈఎన్‌పీ3ఎస్0 లాంటిది కనబడుతుంది. అది మార్చకపోతే ఎండిన బోదెలో వల వేసినట్టే. అదే ఫైల్‌లో మీ సొంత నెట్‌వర్క్ ఏదో చెప్పే హోమ్‌నెట్‌లో మీ రూటర్ ఇచ్చే ఐపీల రేంజ్ ఉందో లేదో కూడా చూడండి.

తర్వాత రూట్‌గా సురికాటా-అప్‌డేట్ నడపండి, దేనికి అలర్ట్ ఇవ్వాలో చెప్పే రూల్స్ దిగుతాయి. చాలామంది చిక్కుకునేది ఇక్కడేనండి: అది రూల్స్‌ను వార్ కింద లిబ్ ఫోల్డర్‌లో పెడుతుంది, యామల్‌లోని దారి ఒక్కోసారి ఈటీసీ వైపు చూపిస్తుంది. రెండూ ఒకటి చేసి, క్యాపిటల్ టీ (-T) ఆప్షన్‌తో కాన్ఫిగ్ పరీక్షించి, సర్వీసు రీస్టార్ట్ చేయండి.

ఇంకో మాట. కొట్టులో మిగతా కంప్యూటర్ల ట్రాఫిక్ కూడా చూడాలంటే స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్ (మిగతా పోర్టుల ట్రాఫిక్ కాపీని ఒక పోర్టుకు పంపడం) ఉండాలి. చాలా చవక స్విచ్‌లలో అది ఉండదు. అప్పటికీ రాకపోతే సురికాటా లాగ్‌లో చివరి లైన్లు ఇక్కడ పెట్టండి.