టెక్ సందేహాలు: లోతైన అచ్చులో వాక్యూమ్ బ్యాగ్ మూలలకు ఎందుకు అందడం లేదు?

ప్రశ్న: మా కళాశాల బృందం ఫార్ములా భారత్ పోటీ కోసం కట్టుకుంటున్న రేసు కారుకు కార్బన్ ఫైబర్ సైడ్‌పాడ్‌ను (కారు పక్క భాగపు తొడుగు) లోతైన అచ్చులో తయారు చేస్తున్నాం. గేజ్ దాదాపు పూర్తి వాక్యూమ్ చూపుతోంది, చదునైన భాగాలు చక్కగా వస్తున్నాయి. లోపలి మూలల్లో మాత్రం కార్బన్ గుడ్డ అచ్చును తాకకుండా, దానికి పట్టించిన ఎపాక్సీ రెజిన్ పేరుకుంటోంది. గట్టిపడ్డాక తట్టితే పెచ్చులుగా ఊడుతోంది. ఇంకా శక్తిమంతమైన పంపు కొంటే సరిపోతుందా? (ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

జవాబు: కొత్త పంపు కొనకండి, ఆ డబ్బుతో బ్యాగింగ్ ఫిల్మ్ (పొరలపై బ్యాగ్‌లా కప్పే పలుచని ప్లాస్టిక్), దాన్ని అచ్చు అంచుకు గాలి చొరకుండా అతికించే సీలెంట్ టేపు ఎక్కువగా కొనుక్కోండి. పంపు చేసేది బ్యాగ్ లోపలి గాలిని తీసేయడం వరకే. పొరలను అచ్చుకు అదిమేది బయట ఉన్న వాతావరణం. సముద్రమట్టం దగ్గర ఆ పీడనం సుమారు 101 కిలోపాస్కల్, అంటే చదరపు మీటరుకు 10 టన్నుల పైచిలుకు బరువుతో సమానం. ఎంత ఖరీదైన పంపు పెట్టినా అంతకు మించి ఒక్క కిలో కూడా అదనంగా రాదు. 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో అది 95 కిలోపాస్కల్ దగ్గరే ఉంటుంది కాబట్టి, అక్కడ గేజ్ ముల్లు 28 అంగుళాల (పాదరసపు కొలత) దగ్గర ఆగిపోతే పంపు పాడైందని అనుకోనక్కర్లేదు.

మీ అచ్చులో జరుగుతున్నది వేరు. ఫిల్మ్ మూలలోకి పూర్తిగా దిగకముందే ఒక గోడ నుంచి ఇంకో గోడకు బిగుసుకుని వంతెనలా నిలిచిపోతోంది. అలా బిగిసిన చోట వాతావరణ పీడనాన్ని ఫిల్మే మోస్తుంది గాని, దాని కింద ఉన్న గుడ్డకు ఆ ఒత్తిడి చేరదు. ఒత్తిడి లేని ఆ ఖాళీలోకి చుట్టుపక్కల నుంచి రెజిన్ వచ్చి నిండుతుంది. మీకు కనిపిస్తున్న ఎపాక్సీ ముద్ద అదే.

దీనికి ఒక చిన్న లెక్క ఉంది. ఫిల్మ్‌లోని బిగువు, పీడనాన్ని మూల వంపు వ్యాసార్ధంతో గుణిస్తే వచ్చే విలువను దాటితే, ఫిల్మ్ ఆ మూలలో కూర్చోదు. 90 కిలోపాస్కల్ పీడనం, 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న మూలను తీసుకుంటే, ఫిల్మ్ వెడల్పులో ప్రతి సెంటీమీటరుకు అర కిలో కన్నా తక్కువ బిగువు చాలు, బ్యాగ్ అక్కడే ఆగిపోవడానికి. అదే మూలను 20 మిల్లీమీటర్ల వంపుతో చేసి ఉంటే నాలుగు రెట్ల బిగువును కూడా వాతావరణం ఓడించగలదు. అందుకే అచ్చు గీసే దశలోనే లోపలి మూలలకు వీలైనంత పెద్ద వంపు ఇవ్వమని గట్టిగా చెబుతాను. తయారైపోయిన అచ్చు విషయంలో మీ చేతిలో మిగిలేది ఒకటే: ఫిల్మ్ ఏ బిగువూ లేకుండా మూల దాకా చేరేలా చూడటం.

మీ సైడ్‌పాడ్ అచ్చు అడ్డకోతలో 300 మిల్లీమీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల లోతు ఉందనుకుందాం. పై అంచున టేపు నుంచి టేపుకు దూరం 300 మాత్రమే, కాని గోడ దిగి, అడుగు దాటి, ఎదుటి గోడ ఎక్కాలంటే ఫిల్మ్‌కు 600 మిల్లీమీటర్లు కావాలి. మిగిలిన 300ను అంచున కుచ్చులుగా పోయాలి. 50 మిల్లీమీటర్ల ఎత్తున్న కుచ్చు 100 మిల్లీమీటర్ల ఫిల్మ్‌ను మింగుతుంది కనుక కనీసం మూడు కుచ్చులు తప్పవు. ధైర్యం కోసం నాలుగో ఐదో వేయండి. చీర కుచ్చిళ్లు సమాన దూరంలో అందంగా పడాలి గాని ఇక్కడ ఆ నియమం లేదు: లోతైన మూల ఎక్కడ ఉందో దానికి సూటిగా ఉన్న అంచునే కుచ్చు పడాలి. లోతు పొడవునా కూడా ఉంటుంది కాబట్టి రెండో దిక్కుకూ ఇదే లెక్క వేయండి. ఫిల్మ్ ఎక్కువై ముడతలు పడితే నష్టం లేదు, తక్కువైతే ఆ భాగం పనికిరాదు.

ఇంతవరకు ఫిల్మ్ సంగతి. చాలామంది గమనించనిది, గుడ్డ కూడా ఇలాగే వంతెన కడుతుందని. నైలాన్ ఫిల్మ్ బాగా సాగుతుంది, కార్బన్ పోగు మాత్రం రెండు శాతం సాగకముందే తెగుతుంది. ఒకే ముక్కను ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పరిచి, వాక్యూమ్ లాగితే మూలలోకి దిగుతుందిలే అనుకోవడం వృథా. అవతలి అంచు జారితే తప్ప అది దిగదు. గుడ్డను మూల దగ్గర కత్తిరించి, 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఒకదానిపై ఒకటి పడేలా ముక్కలుగా వేయండి. ఆ అతుకులు అన్ని పొరల్లోనూ ఒకే గీతపై రాకుండా జరుపుతూ పోండి. సాదా నేత కన్నా ట్విల్ నేత (ఏటవాలు గీతలు కనిపించే నేత) వంపుల్లో సులువుగా ఒదుగుతుంది. పోగులు మూలకు 45 డిగ్రీల ఏటవాలులో ఉండేలా పరిస్తే ఇంకా బాగా కూర్చుంటుంది. ప్రతి పొర వేశాక మొనలేని కర్రపుల్లతో మూలను మధ్య నుంచి బయటికి నొక్కుతూ రండి. గుడ్డకూ బ్యాగ్‌కూ మధ్య వేసే పీల్ ప్లై (గట్టిపడ్డాక ఒలిచేసే గుడ్డ), రంధ్రాల రిలీజ్ ఫిల్మ్ (రెజిన్‌కు అంటుకోని పొర), బ్రీదర్ (గాలి కదలడానికి వేసే మెత్తటి పొర) కూడా ఈ తప్పు చేయగలవు కాబట్టి వాటినీ మూలల దగ్గర విడి ముక్కలుగానే వేయాలి.

ఇక పంపు ఆన్ చేసే పద్ధతి. ఒక్కసారిగా పూర్తి వాక్యూమ్ లాగితే ఫిల్మ్ ముందుగా చదునైన చోట అతుక్కుపోయి, మూలలోకి జారడానికి వీల్లేకుండా అవుతుంది. వాల్వును కొద్దిగానే తెరిచి, ఫిల్మ్ వదులుగా ఉండగానే వేళ్లతో కుచ్చుల్లోని ఫిల్మ్‌ను ప్రతి మూలలోకీ తోయండి. ఎక్కడైనా బిగుసుకుంటే గాలి వదిలి, మళ్లీ సర్దండి. అన్ని మూలలూ కూర్చున్నాయని చేతికి తెలిశాకే పూర్తిగా లాగండి. ఆపై వాల్వు మూసి, పంపు ఆపి, గేజ్ చూడండి: ఐదు నిమిషాల్లో ముల్లు ఒక అంగుళానికి మించి పడిపోతే లీకు వెతకాల్సిందే. అది ఎక్కువగా కుచ్చు అడుగున, టేపు మడత పడిన చోటే దొరుకుతుంది. ఈ కసరత్తు అంతటికీ సమయం కావాలి. మన వేసవిలో రెజిన్ త్వరగా బిగుస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందని లెక్క. నెమ్మదిగా పనిచేసే హార్డెనర్ (రెజిన్‌ను గట్టిపరచడానికి కలిపేది) తీసుకోండి, కలిపిన రెజిన్‌ను లోతైన మగ్గులో వదలకుండా వెడల్పాటి పళ్లెంలో పోసుకోండి. అన్నిటికన్నా ముందు ఒకసారి రెజిన్ లేకుండా, పొడి గుడ్డతోనే బ్యాగింగ్ మొత్తం వేసి చూడండి.

ప్రశ్న: డ్రోన్ భాగాల కోసం పాత ఫ్రిజ్ కంప్రెసర్‌ను వాక్యూమ్ పంపుగా వాడవచ్చా? (విజయవాడ)

జవాబు: చిన్న భాగాలకు వాడవచ్చు. చివరికి లోతైన వాక్యూమే ఇస్తుంది, కాని గాలిని చాలా నెమ్మదిగా లాగుతుంది కాబట్టి బ్యాగ్‌లో లీకు ఉంటే తట్టుకోలేదు. ఫ్రిజ్‌లో దాని మోటారును తిరిగి వచ్చే గ్యాసు చల్లబరుస్తుంది. వాక్యూమ్ కింద ఆ ప్రవాహం ఉండదు కనుక గంటల తరబడి నడిపితే వేడెక్కుతుంది. మధ్యలో ఒక గట్టి ట్యాంకు, వాక్యూమ్ స్విచ్ పెట్టి, అవసరమైనప్పుడే నడిచేలా చేయండి. రెజిన్ పైపులోకి వచ్చినా పంపు దాకా చేరకుండా దారిలో పట్టుకునే డబ్బా తప్పనిసరి. బయటికి నూనె చిమ్ముతుంది, దాన్ని గుడ్డకు దూరంగా ఉంచండి.

ప్రశ్న: త్రీడీ ప్రింటర్‌తో అచ్చు వేసి, గుడ్డ ముక్కల కొలతలు సాఫ్ట్‌వేర్‌తో తీసుకోవాలనుకుంటున్నాను. సరిగ్గా వస్తాయా? (హైదరాబాద్)

జవాబు: ఒకే దిక్కున వంగిన తలాలకు సరిగ్గానే వస్తాయి. రెండు దిక్కులా వంగిన తలాన్ని సాగదీయకుండా చదును చేయడం సాధ్యం కాదు, బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో కుట్లు గీసి విప్పినా కొంత వంకర మిగులుతుంది. పైగా నేసిన గుడ్డ రేకులా సాగదు, అడ్డపోగు నిలువుపోగుల మధ్య కోణం మారుతూ ఒదుగుతుంది. విమాన భాగాల తయారీదారులు ఈ ఒదుగుడును లెక్కగట్టడానికి ఫైబర్‌సిమ్ లాంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ వాడతారు. మీకు మాస్కింగ్ టేపు చాలు: అచ్చుపై అంటించి, గీతలు గీసి, ఒలిచి, చదునుగా పరిచి, దాని చుట్టూ 25 మిల్లీమీటర్లు వదిలి గుడ్డ కత్తిరించండి.

ప్రింట్ చేసిన అచ్చు గోడల్లోంచి గాలి జొరబడుతుంది. పైన టేపు వేసి బ్యాగ్ కడితే ఆ గాలి నేరుగా మీ పొరల్లోకే వస్తుంది. కాబట్టి ముందుగా రెండు పూతలు ఎపాక్సీ వేసి, గరుకు కాగితంతో నునుపు చేయండి. అప్పటికీ లీకు ఆగకపోతే అచ్చు మొత్తాన్నీ సంచిలా కప్పే బ్యాగ్‌లో పెట్టవచ్చు, కాని అప్పుడు ఒత్తిడి అన్ని వైపుల నుంచీ పడుతుంది కనుక గోడలు మందంగా, లోపలి నింపు దట్టంగా ఉండాలి. ప్రింటర్లలో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. భాగాన్ని వేడిచేసి గట్టిపరచాల్సి ఉంటే అచ్చులోంచి తీశాకే చేయండి.