ఒహాయోలో కొత్త ఇల్లు కొనేవారికి: కౌంటీ ఆడిటర్ ఉత్తరాన్ని పక్కన పెట్టకండి

కౌంటీ ఆడిటర్ పేరుతో ఉత్తరం వచ్చిందనీ, ఆదాయపు పన్ను రిటర్నులో ఏదో తప్పు దొర్లిందేమోనని భయంగా ఉందనీ మీరు రాశారు. ఈ భయం సహజమైనదే. మన ఊళ్లలో ఆడిటర్ గారంటే మన లెక్కలు చూసి, పన్ను కాగితాలు దాఖలు చేసిపెట్టే చార్టర్డ్ అకౌంటెంటు. ఇక్కడి ఆడిటరు వేరు. ఒహాయోలోని 88 కౌంటీలలో, అంటే మన జిల్లాల వంటి వాటిలో, దాదాపు అన్నిచోట్లా నాలుగేళ్లకు ఒకసారి ప్రజలు ఓటు వేసి ఎన్నుకునే అధికారి ఆయన (కుయహోగా, సమ్మిట్ వంటి చోట్ల ఇదే పనిని ఫిస్కల్ ఆఫీసర్ చేస్తారు). మీ ఆదాయంతో ఆయనకు సంబంధం లేదు. మీ ఇంటి విలువ ఎంతో నిర్ణయించేది మాత్రం ఆయనే, ఆ విలువ మీదే మీ ఇంటి పన్ను ఆధారపడుతుంది.

ఈ సంగతి నాకు చెప్పినవారు లేరు. 2011 మే నెలలో కొలంబస్ శివారులో కొత్తగా కట్టిన ఇల్లు కొన్నాను. మూడు లక్షల అరవై వేల డాలర్లు. ఇల్లు చూపించినవారు పాత పన్ను బిల్లు ఒకటి ముందు పెట్టారు. ఏడాదికి పదహారు వందల డాలర్లని చూసి సంతోషించాను. లోన్ ఇచ్చినవారు కూడా ఆ అంకెనే పట్టుకుని, నెలవారీ వాయిదాలో పన్ను కోసం వేరుగా దాచే సొమ్మును, అంటే ఎస్క్రోను, లెక్కవేశారు. ఆ బిల్లు ఇంటిది కాదనీ, ఉత్త స్థలానిదనీ నాకు తట్టలేదు. ఒహాయోలో ప్రతి సంవత్సరం జనవరి ఒకటిన ఆస్తి ఏ స్థితిలో ఉందో చూసి ఆ ఏటి పన్ను నిర్ణయిస్తారు, బిల్లు ఆ మరుసటి ఏడాది వస్తుంది. 2011 జనవరి ఒకటిన నా ఇల్లు ఖాళీ స్థలం. 2012 జనవరి ఒకటికి గృహప్రవేశం అయిపోయి మేము కాపురం ఉంటున్న పూర్తి ఇల్లు. అందుకని అసలు బిల్లు 2013 మొదట్లో వచ్చింది: ఏడాదికి ఏడు వేల తొమ్మిది వందలు. అప్పటికే తక్కువపడిన సొమ్మునూ, ఇకముందు కట్టవలసిన సొమ్మునూ కలిపి వాయిదా ఒక్కసారిగా నెలకు వెయ్యి డాలర్లకు పైగా పెరిగింది. ఒక్క జీతం, ఇద్దరు పిల్లలు, ఊళ్లో నాన్నగారి వైద్యం ఖర్చు. ఆ ఏడాది ఇండియా ప్రయాణం మానుకుని, రెండో కారు అమ్మి, ఎవరి దగ్గరా చేయి చాచకుండా నిలబడగలిగాను. ఇప్పుడు వస్తున్న యువకులు ఇద్దరి జీతాలు చూసుకుని ధైర్యంగా సంతకాలు పెడుతున్నారు, కానీ ఈ ఒక్క లెక్క వేసుకున్నవారు వందలో ఎందరున్నారో నాకు అనుమానమే.

ఆ అంకె తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఆడిటర్ వెబ్‌సైటులో చిరునామా కొడితే స్థలం విలువ, కట్టడం విలువ, గదుల సంఖ్య, వెనుకటి అమ్మకం ధరలు అన్నీ ఉచితంగా కనిపిస్తాయి. కట్టడం గడిలో సున్నా ఉంటే మీరు చూస్తున్నది స్థలం పన్నేనని గుర్తించండి. డబ్లిన్ వంటి ఊరు ఫ్రాంక్లిన్, డెలావేర్, యూనియన్ అనే మూడు కౌంటీలలో పరుచుకుని ఉంది కాబట్టి, మీ ఇల్లు ఏ కౌంటీలోకి వస్తుందో ముందుగా చూసుకోండి. సొమ్ము కట్టవలసింది మాత్రం ఆడిటర్‌కు కాదు, కౌంటీ ట్రెజరర్‌కు. వసూలైన దానిని బడులకు, టౌన్‌షిప్పులనే స్థానిక పాలనా విభాగాలకు, గ్రంథాలయాలకు పంచేది మళ్లీ ఆడిటరే.

ఇక మీకు వచ్చిన ఉత్తరం బహుశా విలువ సవరణ గురించి కావచ్చు. ఆరేళ్లకు ఒకసారి ఇళ్లన్నిటికీ కొత్తగా విలువ కడతారు, మధ్యలో మూడో ఏట సవరిస్తారు. ఆ విలువలో 35 శాతం మీద పన్ను పడుతుంది. మొదటిసారి అలాంటి ఉత్తరం వచ్చినప్పుడు నేను చదవకుండా సొరుగులో పెట్టాను. చాలాకాలం తరువాత తీసి చూస్తే, మా ఇంటికి లేని బేస్‌మెంటు గదులు లెక్కలోకి ఎక్కి ఉన్నాయి. అభ్యంతరం చెప్పుకునే బోర్డ్ ఆఫ్ రివిజన్‌కు మార్చి 31 లోపు అర్జీ పెట్టాలి. ఆ ఏటికి గడువు దాటిపోయింది. మరుసటి ఏడాది అర్జీ పెట్టి వెళ్లి, పన్ను భరించలేకపోతున్నానని ఎంతో వివరంగా చెప్పుకున్నాను. వారు మర్యాదగా విన్నారు, కానీ వారు తేల్చేది పన్ను సంగతి కాదు, విలువ ఒక్కటే. నా మొర పక్కన పెట్టి, నేను తీసుకువెళ్లిన బేస్‌మెంటు ఫోటోలు చూశారు. విలువ తగ్గింది. కాబట్టి మీరు వెళ్లవలసి వస్తే కష్టాలు కాక, ఫోటోలు, ఇటీవలి కొనుగోలు పత్రం, వీలైతే అప్రైజల్ నివేదిక (ఇంటి విలువ కట్టే నిపుణుడు ఇచ్చేది) పట్టుకువెళ్లండి.

ఆ కార్యాలయానికి మరికొన్ని పనులున్నాయి. కుక్కను పెంచుకుంటే దాని లైసెన్సు అక్కడే తీసుకోవాలి. మన దగ్గర తూనికలు, కొలతల శాఖ చేసే తనిఖీ ఇక్కడ వారిదే, పెట్రోలు పంపు మీదా, ఇండియన్ స్టోరులో బెండకాయలు తూచే కాటా మీదా అతికించిన స్టిక్కరు చూడండి. వీటి ఫీజులు, గడువులు వారి వెబ్‌సైటులో ఉంటాయి.

డబ్బు సంగతి ఒకటి మిగిలింది. సొంతంగా నివసించే ఇంటికి పన్నులో కొంత తగ్గింపు ఉంది. ఇల్లు మీ పేరుకు మారే రోజున దాఖలయ్యే బదిలీ పత్రంలో, ఇది మీ ముఖ్య నివాసమా అని అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది. ముందు పెట్టిన యాభై కాగితాల హడావిడిలో అది నా కంట పడలేదు, రెండేళ్లు ఆ తగ్గింపు పోగొట్టుకున్నాను. మీరు ఇప్పటికే సంతకాలు చేసి ఉంటే, ఈసారి వచ్చిన పన్ను బిల్లులో ఆ తగ్గింపు వరుస ఉందో లేదో చూసుకుని, లేకపోతే ఆడిటర్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి.