రీబూట్ చేసినప్పుడల్లా డిస్క్ పేర్లు ఎందుకు మారిపోతున్నాయి?

గొలుసుగా కలిపిన డిస్క్ షెల్ఫుల్లో (చాలా డిస్కులు పట్టే పెట్టెల్లో) నిన్న ఎస్‌డీసీ (sdc) అనే పేరున్న డిస్క్ ఇవాళ ఎస్‌డీఏఎఫ్ (sdaf)గా కనబడితే డిస్క్ పాడైందని కాదు. లినక్స్ ఆ పేర్లను డిస్కులు దొరికిన వరుసలో ఇస్తుంది. ఒక షెల్ఫ్ ఆలస్యంగా లేస్తే వరుసంతా మారిపోతుంది. అందుకే కాన్ఫిగ్ ఫైళ్లలో ఆ పేర్లు రాయనే వద్దు. బై-ఐడీ లింకులు (/dev/disk/by-id ఫోల్డర్‌లోని పేర్లు) వాడండి: వాటిలోని డబ్ల్యూడబ్ల్యూఎన్ (ఒక్కో డిస్కుకు ఉండే ప్రత్యేక) నంబరు డిస్కుతోనే ఉంటుంది. బై-పాత్ (డిస్క్ తగిలించిన చోటును బట్టి వచ్చే పేరు) మాత్రం కేబుల్ వేరే పోర్టుకు మారిస్తే మారుతుంది.

డిస్కులు సరిగ్గా రెట్టింపు కనిపిస్తున్నాయా? బహుశా ఒక్కో డిస్కుకు సర్వర్ నుంచి రెండు దారులున్నాయి. డబ్ల్యూడబ్ల్యూఎన్‌లు రెండేసి చొప్పున ఒకేలా ఉంటే ముందు మల్టీపాత్ (రెండు దారుల్నీ ఒకే డిస్కుగా చూపే ఏర్పాటు) పెట్టండి.

జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ అయితే పూల్‌ని (డిస్కుల సమూహాన్ని) ఎక్స్‌పోర్ట్ చేసి, మైనస్ డీ (-d) ఆప్షన్‌తో బై-ఐడీ ఫోల్డర్ చూపించి ఇంపోర్ట్ చేస్తే పేర్లు కుదురుకుంటాయి.

చెడిన డిస్క్ లాగే ముందు లెడ్‌సీటీఎల్ (ledctl) కమాండ్‌తో ఆ స్లాట్ లైటు వెలిగించండి. లాగాక లేబుల్‌పై సీరియల్ నంబరు తప్పకుండా సరిచూడండి.