నీ మూడో పేజీలోని ఆ ఒక్క వాక్యం

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికా అధ్యక్షుడి అధికారం ఎలా పెరుగుతూ వచ్చిందో మనవాళ్లకి చెప్పాలన్న నీ తపన నాకు బాగా నచ్చింది. కానీ పేజీల్లో సగం ట్రంప్ మీద కోపంతోనే నిండిపోయింది. కోపం తప్పని నేననను. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌-1బి ఉద్యోగ వీసా దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలని ఒక్క ప్రకటనతో చెప్పేసిన రాత్రి మా అక్క కొడుకు సెలవు మీద ఇక్కడే ఉన్నాడు. తిరిగి రానిస్తారో రానివ్వరో తెలియక తెల్లవార్లూ ఫోన్ పట్టుకుని డాబా మీద తిరుగుతూనే ఉన్నాడు, కింద వాళ్లమ్మకి నిద్రలేదు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకి అది వర్తించదని వివరణ వచ్చేసరికి ఆ టెన్షన్ పడాల్సిందంతా పడ్డాం. కాబట్టి నీ కోపం నాకు తెలుసు. కాకపోతే వ్యాసమంతా ఒక మనిషి చుట్టూ తిరిగితే, ఆయన దిగిపోగానే అంతా సర్దుకుంటుందని పాఠకుడు అనుకుంటాడు. అది నిజం కాదు. ఒక సంతకానికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నువ్వు రాయాల్సిన కథ.

ఇప్పుడు నీ మూడో పేజీకి వస్తాను. 'విదేశీ వ్యవహారాల్లో అధ్యక్షుడే సర్వాధికారి అని అమెరికా సుప్రీంకోర్టు 1936లోనే తేల్చేసింది' అని రాశావు. దాని కింద ఎర్ర సిరాతో గీత గీశాను. ఎక్కడో చదివి దించిన వాక్యం అది. నువ్వొక్కడివే కాదులే, పెద్దపెద్ద ప్రభుత్వ లాయర్లు కూడా దశాబ్దాల తరబడి అలాగే దించారు. ఆ పని చేయకుండా అసలు కాగితం తీసి చదివినాయన లూయిస్ ఫిషర్ అనే రాజనీతి శాస్త్రవేత్త. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీలో దాదాపు నాలుగు దశాబ్దాలు పనిచేశాడు, అధ్యక్షుల యుద్ధాధికారం మీద ఆయన అంత పట్టుదలగా రాసినవాళ్లు తక్కువ.

ఆయన పట్టుకున్న సంగతి ఇది. 1936లో కర్టిస్-రైట్ అనే కంపెనీ కేసు. బొలీవియా, పరాగ్వే యుద్ధం చేసుకుంటుంటే అక్కడికి ఆయుధాలు అమ్మకుండా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నిషేధం పెట్టాడు. పెట్టమని అధికారం ఇచ్చింది ఎవరో తెలుసా, అమెరికా పార్లమెంటైన కాంగ్రెసే, 1934లో తీర్మానం చేసి మరీ ఇచ్చింది. అంటే కేసు తేలడానికి ఆ తీర్మానం ఒక్కటి చాలు. కానీ తీర్పు రాసిన జస్టిస్ సదర్‌లాండ్ అక్కడితో ఆగకుండా, తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన జాన్ మార్షల్ 1800లో అన్న ఒక మాట తెచ్చి పెట్టాడు. విదేశీ సంబంధాల్లో ఈ జాతికి ఏకైక ప్రతినిధి అధ్యక్షుడే అన్నది ఆ మాట.

మార్షల్ అది ఎప్పుడన్నాడు? అప్పటికి ఆయన ఇంకా జడ్జి కాలేదు, కాంగ్రెస్ దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో సభ్యుడు. జొనాథన్ రాబిన్స్ అనే నావికుణ్ణి ఒప్పందం ప్రకారం బ్రిటిష్‌వాళ్లకి అప్పగించమని అధ్యక్షుడు ఆడమ్స్ చెప్తే సభలో పెద్ద గొడవైంది. ఒప్పందం అంటే చట్టమే కదా, చట్టాన్ని అమలు చేయడం అధ్యక్షుడి బాధ్యత కదా అని మార్షల్ ఆయన తరఫున వాదించాడు. అంతే. అధ్యక్షుడు తనంతట తాను విధానం తయారుచేసుకోవచ్చని ఎక్కడా అనలేదు. ఆ ప్రసంగంలోంచి ఒక్క వాక్యాన్ని పెరికి వేరే చోట నాటితే అది మర్రిచెట్టైంది, దాని నీడలో ఎంతమంది అధ్యక్షులు నిలబడ్డారో! ఫిషర్ దీని గురించి ఏళ్ల తరబడి రాశాడు, కోర్టుకీ విన్నవించాడు. చివరికి 2015లో, జెరూసలేంలో పుట్టిన ఒక అబ్బాయి పాస్‌పోర్టు కేసులో, ఆ పాత తీర్పులోని అంత విశాలమైన మాటల్ని సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. ఆ కేసులో మాత్రం గెలిచింది అధ్యక్షుడే, ఏ దేశాన్ని గుర్తించాలో తేల్చే అధికారం ఆయనదేనంది కోర్టు. రెండూ రాయి. నీ వాదనకి అడ్డొస్తుందని రెండోది దాచకు.

ఇదంతా ఎందుకు ఇంత వివరంగా చెప్తున్నానంటే, అధికారం పెరిగేది ఎక్కువగా ఇలాగే. ఒకరు దించిన మాట ఇంకొకరు దించుతారు, అడ్డు చెప్పాల్సినవాళ్లు ఊరుకుంటారు. యుద్ధం ప్రకటించే అధికారం రాజ్యాంగం ఒకటో అధికరణంలో కాంగ్రెస్‌కిచ్చింది. 1950లో ట్రూమన్ ఆ గుమ్మం తొక్కకుండానే కొరియాకి సైన్యాన్ని పంపాడు. 1964లో వియత్నాంలో బలప్రయోగానికి అధ్యక్షుడికి అనుమతిచ్చిన టొంకిన్ సింధుశాఖ తీర్మానం ప్రతినిధుల సభలో 416-0, సెనేట్‌లో 88-2తో పాసైంది. ఆ అంకెల దగ్గర కాస్త ఆగు, పాఠకుణ్ణీ ఆపు. వియత్నాం అంతా అయ్యాక 1973లో నిక్సన్ వీటోని కూడా దాటి, కాంగ్రెస్ అనుమతి లేని యుద్ధానికి 60 రోజుల గడువు పెట్టే చట్టం తెచ్చారు. 2011లో లిబియా మీద ఆ 60 రోజులూ దాటిపోతే, ఇది ఆ చట్టం చెప్పే 'శత్రుచర్యల' కిందికి రాదని ఒబామా ప్రభుత్వం వాదించింది. ఒబామా పేరు నీ వ్యాసంలో లేదు, ఎందుకు లేదు? ఇష్టమైన పార్టీవాళ్లు చేస్తే నోరు మెదపని విమర్శకుణ్ణి పాఠకుడు రెండో పేరాలోనే పసిగట్టేస్తాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి, మాటలు. నువ్వు 'కాంగ్రెస్' అని రాయగానే మనవాళ్లకి గుర్తొచ్చేది చెయ్యి గుర్తు. మొదటిసారే 'అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్' అని రాసేయ్. 'ఎమర్జెన్సీ' ఇంకా ప్రమాదం, పాఠకుడు నేరుగా 1975కి వెళ్లిపోతాడు, జైళ్లు, సెన్సారు. అమెరికాలో అధ్యక్షుడికి ప్రత్యేక అధికారాలిచ్చే జాతీయ ఎమర్జెన్సీలు ఒకేసారి డజన్ల కొద్దీ నడుస్తుంటాయి, వీధిలో ఏమీ మారదు. 1979లో ఇరాన్ మీద పెట్టినది ఏటేటా పొడిగిస్తూనే ఉన్నారు. ఏమీ మారినట్టు కనపడదు కాబట్టే ఎవరూ పట్టించుకోరు.

ఇలాంటి ఎమర్జెన్సీల్ని ఆపడానికి కాంగ్రెస్‌కి ఒక తాళం ఉండేది, అది పోయిన కథలో మన రక్తం ఉంది. జగదీశ్ రాయ్ చద్దా, కెన్యాలో పుట్టిన భారతీయుడు, 1966లో చదువుకోవడానికి అమెరికా వెళ్లాడు. వీసా గడువు దాటినా ఉండనివ్వొచ్చని ఇమిగ్రేషన్ జడ్జి అంటే, ప్రతినిధుల సభ ఒక్కటే తీర్మానం చేసి దాన్ని కొట్టేసింది. ఆయన కోర్టుకెళ్లాడు. 1983లో సుప్రీంకోర్టు 7-2తో, అధ్యక్షుడి సంతకానికి వెళ్లకుండా చట్టసభ ఇలా కొట్టేయడం చెల్లదంది. ఆయనకి న్యాయం జరిగింది, జరగాల్సిందే. కానీ ఆ తీర్పుతో దాదాపు 200 చట్టాల్లో కాంగ్రెస్ తన దగ్గర ఉంచుకున్న పగ్గం తెగిపోయింది. ఎమర్జెన్సీని రద్దు చేసే పగ్గం కూడా అందులోదే. 2019లో మెక్సికో సరిహద్దు గోడకి డబ్బు కోసం ట్రంప్ పెట్టిన ఎమర్జెన్సీని రద్దు చేయాలని సెనేట్‌లో 59-41తో, సొంత పార్టీవాళ్లు పన్నెండుమంది కలిసొచ్చినా, ట్రంప్ వీటో చేశాడు. వీటోని దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు కావాలి. రాలేదు. ఒక మంచి తీర్పు ఇంకోచోట ఇంత ఖాళీ మిగల్చడం రాయడం కష్టం, కానీ నీ వ్యాసానికి గుండెకాయ అదే అవ్వాలని నా కోరిక.

అవతలి వాదన కూడా నిజాయితీగా పెట్టు. కార్యనిర్వాహకుడిలో చురుకు లేకపోతే మంచి ప్రభుత్వమే ఉండదని, రాజ్యాంగ రచనలో పాల్గొన్న హామిల్టన్ ఆనాడే వాదించాడు, కాంగ్రెస్‌లోని 535 మంది కూర్చుని క్షిపణి దాడికి జవాబు తేల్చలేరన్నదీ నిజమే. దానికి జవాబు కావాలంటే 1952 ఉక్కు మిల్లుల కేసులో జస్టిస్ జాక్సన్ రాసింది చదువు. ఆయన రూజ్‌వెల్ట్ దగ్గర అటార్నీ జనరల్‌గా ఉండి ఒక విమానాల ఫ్యాక్టరీ స్వాధీనాన్ని సమర్థించినవాడు. జడ్జి అయ్యాక ట్రూమన్ మిల్లుల్ని స్వాధీనం చేసుకుంటే చెల్లదన్నాడు. అత్యవసర అధికారాలుంటే అత్యవసర పరిస్థితులు వాటంతట అవే పుట్టుకొస్తాయని రాజ్యాంగం రాసినవాళ్లకి అనుమానం ఉండేదని రాశాడు. ఆ కుర్చీ పక్కనే కూర్చుని వచ్చినవాడు రాసిన మాట కాబట్టి దానికంత బరువు.

చివరగా, నీ ఆరో పేజీలో రొయ్యల చెరువు గురించి రెండే లైన్లున్నాయి. అది ముందుకు తీసుకురా. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికాకి వెళ్లే మన సరుకుల్లో చాలావాటి మీద సుంకం 50 శాతమైంది, వాడిన చట్టం 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. ఆ చట్టంలో సుంకం అన్న మాటే లేదు, దిగుమతుల్ని 'నియంత్రించడం' అని మాత్రం ఉంది, కోర్టుల్లో వాదనంతా ఆ ఒక్క మాట చుట్టూ నడిచింది. ఆ పక్కనే మీ బాబాయి చెరువు గట్టు ఉండాలి. ఆ వారం కొనేవాళ్లు వంద కౌంట్‌కి (కిలోకి వంద రొయ్యలు తూగే సరుకుకి) ఎంత చెప్పారు, మేత అప్పు ఎంత ఉంది, రొయ్యల పట్టుబడి ఎన్ని రోజులు వాయిదా వేసుకున్నారు, ఆయన్నే అడిగి రాసుకో. అంచనా వేసి రాయకు. ఆదివారం వెళ్తావు కదా, నోటుబుక్కు తీసుకెళ్లు. మార్షల్ ప్రసంగం కాపీ నా దగ్గరుంది, ఈలోపు పంపిస్తాను, మొత్తం చదువు.

ప్రేమతో,
అన్నయ్య