మ్యాక్ సంగతి తర్వాత, ముందు మీరు మౌస్ వదలండి మాస్టారూ

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె, ఎలిమెంటరీ స్కూల్ టీచర్ని. మా పాపకి చూపు లేదు, శ్రీకాకుళంలో డిగ్రీ రెండో ఏడు. ఇన్నాళ్లూ విండోస్ 10 ఉన్న పాత డెస్క్‌టాప్ మీద ఎన్‌వీడీఏతో (తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) అన్నీ తనే చేసుకునేది. అది పాతబడిపోయిందని విండోస్ 11 లాప్‌టాప్ కొన్నాను. అప్పట్నుంచి ఏ కీ పన్చేయట్లేదని ఏడుపు, నేనే పక్కన కూర్చుని మౌస్‌తో తెరిచి పెడుతున్నా. బెంగళూరులో ఉన్న మేనల్లుడు యాపిల్ వాళ్ల మ్యాక్ కొనమంటున్నాడు, బ్యాంకు పరీక్షలు వదిలేసి యాక్సెసిబిలిటీ టెస్టింగ్ కోర్సులో చేర్పించమంటున్నాడు. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడూ పోల్చి చెప్పండి. అసలు కంప్యూటర్ ఉద్యోగం మా పాపకి అవుద్దా?

జవాబు: మాస్టారూ, మీరు అడగాలనుకున్నది ఆ చివరి ముక్కే. పలాస నుంచైనా బొబ్బిలి నుంచైనా నాకొచ్చే ప్రశ్నల్లో కంప్యూటర్ పేరు మారుద్ది గానీ లోపలి భయం ఒకటే, మా తర్వాత ఈ పిల్ల ఎలాగ అని. అవుద్దండీ. నిన్నటిదాకా అన్నీ తనే చేసుకునేదని మీరే రాశారు కదా, ఆ తెలివి పాత డెస్క్‌టాప్‌తో పాటు మూలకి పోలేదు.

నాకైతే ఇక్కడ తప్పు విండోస్ 11ది కూడా కాదేమో అనిపిస్తోంది. డెస్క్‌టాప్ కీబోర్డుకి కుడిపక్కన నంబర్ల కీలుంటాయి, స్క్రీన్ రీడర్ వాడేవాళ్ల చెయ్యి సగం పని అక్కడే చేస్తుంది. చిన్న లాప్‌టాప్‌లో అవి ఉండవు, ఎన్‌వీడీఏకి ఏది చెప్పాలన్నా ముందు పట్టుకునే ఇన్సర్ట్ కీ కూడా ఒక్కోదాంట్లో ఎఫ్‌ఎన్ నొక్కితేగానీ రాదు. అందుకే ఎన్‌వీడీఏ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ అనే చోట లాప్‌టాప్ లేఅవుట్ (లాప్‌టాప్‌కి సరిపడే కీల అమరిక) ఉంటుంది, అది పెట్టుకుని క్యాప్స్ లాక్‌ని ఎన్‌వీడీఏ కీగా టిక్ చేసుకోమనండి. అప్పుడు ఉన్న లైను చదవడానికి క్యాప్స్ లాక్‌తో ఎల్, అక్కడ్నుంచి వరసగా చదవడానికి క్యాప్స్ లాక్‌తో ఏ. ఏ కీ ఏంటో తెలియకపోతే ఎన్‌వీడీఏ కీతో 1 నొక్కాలి, ఆ తర్వాత ఏది నొక్కినా పని జరగదు, పేరు మాత్రం చెప్తుంది, మళ్లీ ఎన్‌వీడీఏ కీతో 1 నొక్కితే మామూలైపోద్ది. రోజూ కాసేపు దాంతో ఆడుకోనివ్వండి, మీరు లేకుండా.

పాత డెస్క్‌టాప్ ఇంకా ఆన్ అవుతోందా? అయితే అమ్మకండి. దాంట్లో ఎన్‌వీడీఏ మెనూ తెరిచి, టూల్స్‌లో పోర్టబుల్ కాపీ చేసుకుని, తన సెట్టింగులతో సహా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు, అది లాప్‌టాప్‌లో పెడితే ఆ గొంతు, ఆ స్పీడు అలాగే వచ్చేస్తాయి (లేఅవుట్ మాత్రం మళ్లీ మార్చుకోవాలి). 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగాయి గానీ మెషిన్ ఆగిపోలేదు కదా, పని మెల్లగా ఇటు మార్చుకోవచ్చు.

విండోస్ 11లో నిజంగా మారినవీ ఉన్నాయి. విండోస్ కీతో ఏ నొక్కితే ఇదివరకు నోటిఫికేషన్లు వచ్చేవి, ఇప్పుడు వైఫై, సౌండ్ లాంటివొస్తాయి, నోటిఫికేషన్లు విండోస్ కీతో ఎన్‌కి పోయాయి. ఫైల్ మీద మెనూ పొట్టిదైపోయింది, పాత పెద్ద మెనూ కావాలంటే షిఫ్ట్ ఎఫ్10. స్టార్ట్ మెనూ మారినా తనకేంటి, విండోస్ కీ నొక్కి ప్రోగ్రాం పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టడం ఎప్పట్లాగే.

ఇక కోపంగానే అడుగుతున్నా, బడిలో పిల్లాడికి అక్షరం కుదరకపోతే పలక లాక్కుని మీరే రాసేస్తారా? మీరు మౌస్‌తో తెరిచి పెట్టిన ప్రతి ఫైలూ తను నేర్చుకోకుండా పోయినదే. మౌస్ తనకి పనికొచ్చేదీ కాదు. పైగా ఇంత ఖరీదు పెట్టి కొన్నప్పుడు షాపుకి తనని తీసుకెళ్లి కీబోర్డు చేత్తో తడిమి చూడనిచ్చారా? లేదనే అనుకుంటున్నా.

మ్యాక్‌లో వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్ 2005 నుంచి కంప్యూటర్‌తో పాటే వస్తోంది, మంచిదే. కానీ అక్కడ కంట్రోల్ ఆప్షన్ కీలతో పద్ధతంతా వేరు, ఇప్పుడు ఏడుస్తున్న పిల్లని మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టమన్నట్టే. లైనక్స్‌లో ఓర్కా అనే స్క్రీన్ రీడర్ ఉంది, అది సరదా ఉన్నవాళ్లకి. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో ఎక్కువగా టేబుల్ మీద ఉండేది విండోసే, కాబట్టి ఇక్కడే ఉండండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం వికలాంగుల కోటా, అందులో 1 శాతం చూపు లేనివాళ్లకీ చూపు తక్కువున్నవాళ్లకీ కలిపి, దాన్ని ఎవరో చెప్పారని వదిలేయడం నాకు మింగుడు పడట్లేదు.

టెస్టింగ్ కోర్సు మీద నా అనుమానం చెప్తాను. ఆ పని నిజంగా ఉంది, వెబ్‌సైట్లూ యాప్‌లూ స్క్రీన్ రీడర్‌తో నడుస్తున్నాయో లేదో చూడటం, వెబ్‌సైట్లు వికలాంగులకీ అందేలా ఎలా ఉండాలో చెప్పే, 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 లాంటి రూల్స్‌తో సరిచూడటం. కానీ స్క్రీన్ రీడర్ వస్తే చాలు సగం టెస్టర్ అయిపోయినట్టే అని అమ్ముతున్నారు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండుద్ది. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ తెలియాలి, తప్పు ఎక్కడుందో ఇంగ్లీషులో రాసి డెవలపర్‌ని ఒప్పించాలి, ఎన్‌వీడీఏ ఒక్కటే కాదు, జాస్, ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్, ఐఫోన్లో వాయిస్‌ఓవర్ లాంటి మిగతా స్క్రీన్ రీడర్లు కూడా చేతికి రావాలి. లాప్‌టాప్ మారితేనే ఇంత గాభరా పడిన ఇల్లు, ముందు ఇది కుదుటపడనివ్వండి, డిగ్రీ అవనివ్వండి, అప్పటికీ తనకే ఇష్టమైతే ఆలోచిద్దాం. ఈలోపు మేనల్లుడు మరీ పట్టుబడితే ఆ కోర్సు అప్లికేషన్ ఫారం పాపనే ఎన్‌వీడీఏతో నింపమనండి, పేర్లు లేకుండా బటన్, బటన్, బటన్ అని చదివిందంటే ఫీజు కట్టకండి.