గ్రానోలాకు పాలు వద్దంటాను

“దుకాణంలో దొరికే ఆరోగ్యకరమైన గ్రానోలా ఎవరైనా వాడారా? ఉదయం పాలలో వేసుకుని తినడం మంచిదా, చిరుతిండిగా మంచిదా?” అని ఒకరు అడిగారు. ఓట్స్‌కు, గింజలకు పాకం పట్టించి వేయించిన ఈ కరకరలాడే పదార్థాన్ని నేను రెండేళ్లుగా తింటున్నాను. చిరుతిండిగానే తినండి. పాలు పోయకండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను.

మొదటి ఆరు నెలలు నేనూ పాలలోనే తిన్నాను. తెల్లవారుజామునే పనికి బయలుదేరాలి కాబట్టి, పొయ్యి వెలిగించే పని లేకుండా కడుపు నింపేది దొరికిందని సంతోషపడ్డాను. పెద్ద గిన్నె తీసుకుని, అంచుకు రెండు వేళ్ల దిగువ వరకు పోసి, పైన చల్లటి పాలు. ప్యాకెట్ మీద ఓట్స్ కంకులు, బాదం పప్పులు, తేనె చుక్క బొమ్మలు. ఇంతకంటే మంచి అల్పాహారం ఉంటుందా అనుకున్నాను. పదకొండు గంటలకల్లా మళ్లీ ఆకలి వేసేది. 400 గ్రాముల ప్యాకెట్ నాలుగో రోజుకే ఖాళీ అయ్యేది. ఈ రెండు విషయాలనూ కలిపి ఆలోచించాలని నాకు తట్టలేదు.

ఒకసారి అక్క వాళ్లింట్లో వారం రోజులు ఉన్నాను. నా గ్రానోలా ప్యాకెట్ వెంట తీసుకెళ్లాను. అక్క రొట్టెలు, కేకులు చేస్తుంది, ప్రతిదీ గ్రాముల లెక్కన తూచి వేస్తుంది, ఆమె వంటగదిలో చిన్న డిజిటల్ త్రాసు ఎప్పుడూ బయటే ఉంటుంది. నేను గిన్నె నింపి పాల కోసం చెయ్యి చాచగానే, “ఆగు, ఒకసారి ఇలా ఇవ్వు” అంది. మరో ఖాళీ గిన్నెను త్రాసు మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, నాదంతా అందులో పోసింది. 118 గ్రాములు.

ప్యాకెట్ వెనక్కు తిప్పింది. ఒకసారి తినవలసిన పరిమాణం 45 గ్రాములని సన్నటి అక్షరాలతో ఉంది. నా గిన్నెలోనే సరిగ్గా 45 గ్రాములు తూచి చూపించింది. గిన్నెలో నేను పోసుకునేదానిలో సగం కూడా రాలేదు! వంద గ్రాములకు 460 కేలరీలు, 20 గ్రాముల చక్కెర అని పట్టికలో ఉంది. అంటే నా గిన్నెలో 540 కేలరీల పైమాట, చక్కెర దాదాపు 24 గ్రాములు. అక్క ఏమీ అనకుండా చక్కెర డబ్బా తీసి, చిన్న పళ్లెంలో ఆరు చెంచాలు కుప్పగా పోసి నా గిన్నె పక్కన పెట్టింది. “ఇంత చక్కెర టీలో కలిపి ఇస్తే తాగుతావా?” అని అడిగింది. నేను చాలాసేపు ఆ పళ్లెం వంకే చూస్తూ కూర్చున్నాను. ఎండుద్రాక్షలో సహజంగా ఉండే తీపి కొంత ఆ లెక్కలో ఉంటుంది, నిజమే. కానీ పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. మా ప్యాకెట్‌లో ఓట్స్ తర్వాత రెండో పేరే చెరకు చక్కెర. తేనె ఎక్కడో ఏడో స్థానంలో ఉంది. ముందువైపు బొమ్మ మాత్రం తేనెదే.

ఆ రోజు నుంచి దీని గురించి దొరికినదల్లా చదివాను. 1863లో అమెరికాలోని డాన్స్‌విల్‌లో జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే వైద్యుడు తన ఆరోగ్యకేంద్రంలో ‘గ్రాన్యులా’ తయారుచేశాడు. పొట్టు తీయని గోధుమపిండిని కాల్చి, విరిచి, మళ్లీ కాల్చిన గట్టి ముక్కలవి. ముందు రాత్రే నానబెట్టకపోతే పళ్లకు లొంగేవి కావు. తర్వాత జాన్ హార్వీ కెల్లాగ్ అనే మరో అమెరికన్ వైద్యుడు అలాంటిదే చేసి అదే పేరు పెట్టాడు, జాక్సన్ అభ్యంతరపెట్టడంతో పేరును ‘గ్రానోలా’గా మార్చాడు. పాలలో నానవలసింది ఆ పాత పదార్థం. ఇప్పుడు మనం కొనేదానికి దాని పేరు తప్ప మిగిలిందేమీ లేదు. ఓట్స్‌కు, గింజలకు నూనె, పాకం పట్టించి ఓవెన్‌లో వేయించినదాన్ని తీపి చిరుతిండి అనే అనాలి. పాలలో నానడానికి ముయెస్లీ ఉంది, అదీ ఓట్స్, గింజలు, ఎండుపండ్ల మిశ్రమమే, కానీ దాన్ని సాధారణంగా కాల్చరు, పాకం పట్టరు.

పాలు ఎందుకు వద్దంటున్నానంటే, గ్రానోలా ఉండలను పట్టి ఉంచేది ఆ పాకమే. ఓవెన్‌లో తేమ పోయి, చల్లారేటప్పుడు అది గాజులా బిగుసుకుంటుంది, అందుకే ఆ కరకర. పాలు తగలగానే పాకం కరగడం మొదలవుతుంది. ఐదు నిమిషాల్లో కరకర పోయి మెత్తటి ముద్ద, కింద తియ్యటి పాలు మిగులుతాయి. ఆ పాలు చివర్లో గిన్నె ఎత్తి తాగేస్తాం కూడా. పైగా నానినదాన్ని నమలం, మింగుతాం. నా ఆకలి పదకొండు గంటలకే తిరిగి రావడానికి కారణం అదేనని నాకు పూర్తి నమ్మకం. అదే పొడిగా తింటే దవడ పనిచేస్తుంది, పది నిమిషాలు పడుతుంది, చెయ్యి తనంతట తానే ఆగుతుంది.

ఇక ప్యాకెట్ ముందువైపు రాతల గురించి కూడా చెప్పాలి. ‘సహజమైనది’, ‘శుద్ధి చేసిన చక్కెర లేదు’ అంటారు. వెనక ఖర్జూర పాకం, బియ్యపు పాకం, కొబ్బరి చక్కెర, పండ్లరసపు గాఢ ద్రవం అని నాలుగు పేర్లు ఉంటాయి. వేర్వేరుగా రాస్తే ఏదీ జాబితాలో పైకి రాదు, అన్నీ కలిపితే బాదం కంటే ఎక్కువే ఉండవచ్చు. ఎండు క్రాన్‌బెర్రీల సంగతీ అంతే. ఆ పండు స్వతహాగా బాగా పుల్లన, అది తియ్యగా ఉందంటే బయటి నుంచి తీపి కలిపారన్నమాటే. ఆ ప్యాకెట్ల జిప్పు మూడోసారికే పట్టు వదిలేస్తుంది, తేమ చేరి లోపలున్నదంతా మెత్తబడుతుంది. ఇంత డబ్బు తీసుకునేవాళ్లు సరిగ్గా మూసుకునే సంచి ఇవ్వలేరా? కుదుపులకు పెద్ద ఉండలు, పప్పులు పైకి తేలి, పొడి అడుక్కు చేరుతుంది. మొదటి గిన్నెను చూసి ఆ ప్యాకెట్ మంచిదని తీర్పు ఇవ్వకండి.

ఇన్ని చెప్పినా నేను గ్రానోలా మానలేదు, మానమనీ అనను. ఓట్స్‌లో మంచి పీచు ఉంటుంది, గుమ్మడి గింజలు, బాదం మంచివే. ఇప్పుడు నేను కొనేదానిలో వంద గ్రాములకు చక్కెర పది గ్రాములు దాటదు, మొదటి మూడు పేర్లలో కనీసం ఒక గింజో పప్పో ఉంటుంది. సాయంత్రం చిన్న కప్పులో 45 గ్రాములు తూచి వేసుకుని, వేళ్లతో ఒక్కొక్క ఉండ తీసుకుని తింటాను. ప్యాకెట్‌లోంచి నేరుగా ఎప్పుడూ తినను. ఉదయం తినాలనిపిస్తే చప్పటి గట్టి పెరుగు మీద రెండు చెంచాలు చల్లుకుంటాను, అదీ తినబోయే ముందే.

మెత్తబడిన గ్రానోలాను పారేయకండి. పళ్లెంలో పలచగా పరిచి 150 డిగ్రీల ఓవెన్‌లో ఐదారు నిమిషాలు ఉంచండి. తీసిన వెంటనే మెత్తగానే ఉంటుంది, అది చూసి ఇంకాసేపు పెడితే మాడిపోతుంది. పూర్తిగా చల్లారనిచ్చి అప్పుడు నోట్లో వేసుకోండి.