యాంటెనా మోటారు తిరుగుతోంది, కడ్డీ మాత్రం దిగడం లేదు

కారు పవర్ యాంటెనాకు (రేడియో పెడితే మోటారుతో తనే లేచేది) కొత్త కడ్డీ మీరే వేశాక, రేడియో పెడితే యాంటెనా సగం లేచి ఆగుతోందని, కట్టేసినా దిగకుండా లోపల మోటారు గిర్రున తిరుగుతోందని రాశారు. మోటారు తిరుగుతోందంటే కరెంటు అందుతున్నట్టే, ఫ్యూజు జోలికి పోనక్కర్లేదు. మోటారు పోయిందని ఎవరైనా అంటే నమ్మకండి.

హనుమకొండలో నా పాత కారుకూ ఇదే వచ్చింది. చూపించిన చోట యూనిట్ మొత్తం మార్చాలన్నారు. ఊడదీసి, తాడు చుట్టుకునే డ్రమ్ము మూత తెరిస్తే, కడ్డీని పైకి నెట్టి కిందికి లాగే నైలాన్ తాడు తెగి, ఆ పాత ముక్క వేలెడంత లోపలే చుట్టుకుని ఉంది. ఇక కొత్త తాడుకు చోటెక్కడిది? మీరు తీసిన పాత తాడును పారేయకపోతే కొత్తదాని పక్కన పెట్టి చూడండి. పాతది పొట్టిగా ఉంటే దొంగ దొరికినట్టే, మిగతా ముక్క లోపలే ఉంది.

పొడవు సరిపోతే పళ్లు చూడాలి. తాడుకు ఒకవైపే పళ్లుంటాయి, అవి గేరు వైపు తిరిగి ఉండాలి. ఇంట్లో ఒకరిని స్టీరియో దగ్గర కూర్చోబెట్టి రేడియో పెట్టించండి. తాడును గొట్టంలోకి నిటారుగా దించి, కొద్దికొద్దిగా తిప్పుతూ నొక్కితే పళ్లు గేరుకు తగిలినట్టు వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు రేడియో కట్టేయమనండి. మోటారు తనే లాక్కుంటుంది, తాడు మడత పడకుండా చూసుకుంటే చాలు. పట్టు దొరకకపోతే మళ్లీ రేడియో పెట్టి మొదటినుంచి చేయాలి.

కడ్డీకి గ్రీజు మాత్రం పూయకండి. కరీంనగర్ దారిలో గ్రానైట్ లారీల వెనక ఒక్కసారి వెళ్తే చాలు, ఆ దుమ్మంతా దానికే అతుక్కుంటుంది. పొడిగుడ్డతో తుడిచి, పలచటి నూనె ఒకటి రెండు చుక్కలు వేస్తే సరి.

స్టీరియో కూడా మార్చి ఉంటే మరో మాట. సాధారణంగా నీలం వైరు యాంటెనాకు, నీలం మీద తెల్ల చార ఉన్నది యాంప్లిఫయర్‌కు. రెండోదానికి కలిపితే పెన్‌డ్రైవ్ పాటలు పెట్టినా కడ్డీ లేచే ఉంటుంది. ఆకాశవాణి వరంగల్ ఎఫ్‌ఎం 103.5కు సరిపడే కడ్డీ పొడవు సుమారు 72 సెంటీమీటర్లు. సగం కడ్డీతో ఊళ్లో వినిపించినా, ఊరు దాటే కొద్దీ గరగర మొదలవుతుంది.

బాగుచేసేదాకా మోటారు కనెక్టర్ పీకి ఉంచండి. ఆగకుండా తిరిగితే బాగున్న మోటారు కూడా నిజంగానే కాలిపోతుంది.